కొత్త దేశం నుంచి వచ్చిన పసిపిల్లలకు సంరక్షణ కేంద్రంలో ఎలా తోడ్పడాలి?

ప్రశ్న: పసివారి గది టీచర్

నేను ఒక శిశు సంరక్షణ కేంద్రంలో మూడు, నాలుగేళ్ల పిల్లల గదిని చూసుకుంటున్నాను. మరో దేశం నుంచి ఇటీవల వచ్చిన ఒక కుటుంబం తమ మూడున్నరేళ్ల పాపను మా దగ్గర చేర్చింది. కేంద్రంలో మేము మాట్లాడే భాష ఆ పాపకు బొత్తిగా తెలియదు. ఉదయం తల్లి వెళ్లేటప్పుడు చాలాసేపు ఏడుస్తుంది. తర్వాత ఒక పక్కన కూర్చుని మిగతా పిల్లల ఆటను శ్రద్ధగా గమనిస్తుందే తప్ప నోరు విప్పదు. ఇంట్లో మాత్రం గలగలా మాట్లాడుతుందని తల్లి ఫోన్‌లోని అనువాద యాప్ సాయంతో నాకు చెప్పింది. ఇంట్లో కూడా ఇక్కడి భాషే మాట్లాడమని తల్లిదండ్రులకు సూచించాలని సహోద్యోగులు కొందరు పట్టుబడుతున్నారు. ఆ సలహా ఇవ్వడానికి నాకు మనసు రావడం లేదు, అయితే ఎందుకు వద్దో వారికి వివరించడం ఎలాగో తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: శిశువిద్య శిక్షకురాలు

మీరు ఆ సలహా ఇవ్వకండి. తల్లిదండ్రులు తమకు పట్టులేని భాషలో బిడ్డతో మాట్లాడడం మొదలుపెడితే ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. కథలు, లాలింపులు, మందలింపులు, పిల్లలు అడిగే ఎడతెగని ప్రశ్నలకు ఇచ్చే జవాబులు అన్నీ పొడిపొడిగా మారిపోతాయి. ఇంటి భాషలో బిడ్డకు ఏర్పడిన భావనలే రెండో భాషకు పునాది. రంగులు, లెక్కలు, కారణాలు చెప్పడం ఒక భాషలో వచ్చిన బిడ్డ వాటిని మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కరలేదు, కొత్త మాటలు నేర్చుకుంటే సరిపోతుంది. సహోద్యోగులకు ఇంకా గట్టి ఆధారం కావాలంటే, 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను చూపించండి. బిడ్డ తల్లిదండ్రుల పట్ల, బిడ్డ సొంత సంస్కృతి, భాషల పట్ల గౌరవం పెంచడం విద్య లక్ష్యాలలో ఒకటని దాని 29వ అధికరణం స్పష్టంగా చెబుతోంది.

ఇక పాప మౌనం గురించి. కొత్త భాషలోకి వచ్చిన చిన్నపిల్లల్లో చాలామంది కొన్ని వారాలపాటు, కొందరు కొన్ని నెలలపాటు మాట్లాడకుండా వింటూ ఉంటారు. ఆ కాలంలో వారు నేర్చుకోవడం ఆగదు. కాబట్టి అందరి ముందు నిలబెట్టి పేరు చెప్పమనడం, మాట పలికితేనే బొమ్మ ఇస్తాననడం వంటివి చేయవద్దు. ఆమె పక్కన కూర్చుని, ఆమె ఏ వస్తువును చూస్తుంటే దాని గురించే చిన్న చిన్న వాక్యాలలో మాట్లాడండి. ఆమె వేలు చూపినా, తల ఊపినా దాన్ని పూర్తి జవాబుగా స్వీకరించండి. దినచర్యను బొమ్మల వరుసగా గోడకు అంటిస్తే, తర్వాత ఏం జరుగుతుందో, అమ్మ ఎప్పుడు వస్తుందో మాటలు అవసరం లేకుండానే ఆమెకు అర్థమవుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, రోజూ ఉదయం ఆమెను ఒకే మనిషి చేరదీయడం. తెలియని చోట బిడ్డ ముందు ఒక వ్యక్తిని నమ్ముతుంది, ఆ వ్యక్తి ద్వారా ఆ చోటును నమ్ముతుంది.

జవాబు: స్పీచ్ థెరపిస్ట్

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పదలచుకున్నాను. కొత్త భాష కదా, అదే వస్తుందిలే అని ప్రతి మౌనాన్నీ వదిలేయకూడదు. అలాగే ఇక్కడి భాషలో మాట్లాడనంత మాత్రాన ఎదుగుదల మందగించిందనీ ముద్ర వేయకూడదు. నిజమైన భాషా లోపం ఉంటే అది బిడ్డ మాట్లాడే అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. అందుకే ఇంటి భాషలో ఎలా మాట్లాడుతోందో తల్లిదండ్రులను వివరంగా అడగండి. మీరు చెప్పిన పాప ఇంట్లో ధారాళంగా మాట్లాడుతోంది కాబట్టి ప్రస్తుతానికి భాష విషయంలో ఆందోళన అక్కరలేదు. ఇంట్లో కూడా మాటలు తక్కువగా ఉండి, సైగలూ చూపులూ కూడా లేకపోతే, లేదా అప్పటికే వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా వినికిడి పరీక్షతో మొదలుపెట్టి నిపుణులకు చూపించాలి. రెండు భాషల పిల్లల పదసంపదను లెక్కించేటప్పుడు రెండింటిలోని మాటలనూ కలిపి చూడాలి. ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడం సహజమే, అది గందరగోళానికి గుర్తు కాదు.

ఇలాంటి సంభాషణలకు యాప్ చాలదు. శిక్షణ పొందిన అనువాదకులను పిలిపించండి. ఆ ఇంట్లోని పెద్దపిల్లల చేత మాత్రం అనువాదం చేయించవద్దు. తమ్ముడి గురించో చెల్లెలి గురించో బరువైన విషయాలు పెద్దలకు చేరవేయడం పిల్లల మీద మోపదగిన పని కాదు.

జవాబు: వలస వచ్చిన ఒక తండ్రి

మా బాబు విషయంలో కేంద్రం వారు చేసిన రెండు పనులు మాకు ఎంతో ధైర్యాన్నిచ్చాయి. మొదటిది, బాబు పేరును మేము పలికినట్టే పలకడం టీచర్లందరూ నేర్చుకున్నారు. తమకు సులువుగా ఉంటుందని పేరును కుదించలేదు. రెండవది, ఆకలి, దాహం, నిద్ర, మూత్రం, నొప్పి, అమ్మ వస్తుంది అనే మాటలను మా భాషలో మా చేత పలికించి రికార్డు చేసుకున్నారు. బిడ్డ తన అవసరాన్ని చెప్పుకోగలడనే నమ్మకం లేకపోతే ఏ తల్లిదండ్రులకూ మనసు కుదుటపడదు. మీరు ఆ తల్లిని మొదటి వారాల్లో కాసేపు గదిలో కూర్చోనిస్తే చాలా మేలు జరుగుతుంది. అయితే వెళ్లేటప్పుడు చెప్పకుండా జారుకోవద్దని, బిడ్డ ఏడ్చినా చెప్పే వెళ్లమని ఆమెకు నచ్చజెప్పండి.

ప్రశ్న అడిగిన టీచర్

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక సందేహం. పిల్లలందరికీ ఆ పాప సంస్కృతిని పరిచయం చేస్తూ ఒక ప్రత్యేక దినం జరపాలని మా కేంద్రం ఆలోచిస్తోంది. అది ఆమెకు ఉపయోగపడుతుందా?

జవాబు: శిశువిద్య శిక్షకురాలు

ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. ఇంకా మాట్లాడని బిడ్డను ఒక దేశానికి ప్రతినిధిగా అందరి ముందు నిలబెడితే, తాను వేరు అన్న భావనే ఆమెలో బలపడుతుంది. పైగా ఒకే దేశం నుంచి వచ్చిన రెండు కుటుంబాల అలవాట్లు కూడా ఒకలా ఉండవు. దానికి బదులు రకరకాల రూపురేఖలున్న బొమ్మలు, ఆమె ఇంటి భాషలోని ఒకటి రెండు పుస్తకాలు, ఆ భాషలో ఒక పాట మీ గదిలో రోజూ ఉండేలా చూడండి. ఏవి తేవాలో తల్లిదండ్రులనే అడగండి. ఆటలో ఆమెకు ఓపికగల ఒక తోడును జతచేయండి. నీళ్లతో, ఇసుకతో, మట్టితో ఆడుకోవడానికి భాష పెద్దగా అవసరం లేదు కాబట్టి ఆ జతను అక్కడినుంచే మొదలుపెట్టండి.