కోటుకి రేడియం పట్టీలు ఉన్నాక మళ్లీ ఆ పచ్చ వెస్ట్ ఎందుకు?

సిక్కోలు_చిన్నోడు
అందరికీ నమస్తే. పెన్సిల్వేనియాలో మా ఊరి వాలంటీర్ ఫైర్ కంపెనీలో చేరి నాలుగు నెలలైంది. (కంపెనీ అంటే వ్యాపారం కాదు, ఊరివాళ్లు జీతం లేకుండా నడుపుకునే ఫైర్ స్టేషన్. పగలు నాది మామూలు ఐటీ ఉద్యోగమే.) మొన్న రాత్రి హైవే మీద కారు యాక్సిడెంట్ అని కాల్ వస్తే కోటు, ప్యాంటు, హెల్మెట్ అన్నీ తగిలించుకుని బండి దిగాను, దిగీ దిగగానే కెప్టెన్ "వెస్ట్ ఏది?" అని అరిచాడు (కోటు పైన వేసుకునే చేతుల్లేని పచ్చ జాకెట్). ఛాతీకి, చేతులకి, ప్యాంటు కాళ్లకి అన్నిచోట్లా నిమ్మపచ్చ పట్టీ, మధ్యలో వెండి గీత ఉన్నాయి కదా, దాని మీద మళ్లీ వెస్ట్ దేనికి? అసలే మూడు పొరల కోటు, లోపల చెమటకి తడిసి ముద్దవుతున్నాం. పోనీ అంత ముఖ్యమైతే మంట దగ్గరికి వెళ్లేటప్పుడు తీసెయ్యమంటారెందుకు? స్టేషన్‌లో అడిగితే నవ్వుతారేమోనని ఇక్కడ అడుగుతున్నా.

ఒహాయో_బావ
నవ్వరు తమ్ముడూ, నేనూ మొదట్లో ఇదే అడిగాను. ఆ పట్టీలో రెండు వేర్వేరు సరుకులున్నాయి, అక్కడే అందరూ తికమకపడతారు. నిమ్మపచ్చ భాగం పగటి కోసం: ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని తీసుకుని కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుంది కాబట్టి మబ్బు పట్టినా, పొద్దు వాలుతున్నా కొట్టొచ్చినట్టు ఉంటుంది, చీకటి పడ్డాక దాని ఆట ముగిసినట్టే. వెండి గీత రాత్రి కోసం. మన దగ్గర లారీల వెనక అతికించేదాన్ని రేడియం అంటాం చూడు, అందులో రేడియమూ లేదు పాడూ లేదు, సన్నని గాజుపూసలో పట్టకాలో ఉంటాయి, వెలుగు ఎటు నుంచి వస్తే తిరిగి అటే పంపుతాయి. రాత్రి రోడ్డు మీద ఆవు కళ్లు మెరిసినట్టు. హెడ్‌లైట్ పడితేనే వెలుగుతుంది, లేకపోతే బూడిదరంగు గుడ్డముక్క.

ఇప్పుడు నీ కోటు చూసుకో. పట్టీలు తీసేస్తే మిగతాదంతా నలుపో గోధుమరంగో, పైగా ఎయిర్ సిలిండర్ బెల్టులు తగిలిస్తే సగం పట్టీలు వాటి కిందకి పోతాయి. పగలు దూరం నుంచి నువ్వొక మురికి మచ్చవి. వెస్ట్‌లో మాత్రం ఆ నిమ్మపచ్చ గుడ్డ చాలా ఉంటుంది. రోడ్డు పనివాళ్లు వేసుకునే క్లాస్ 2 వెస్ట్‌కి కనీసం 775 చదరపు అంగుళాలు, మనలాంటివాళ్లకి నడుం దగ్గర రేడియో, బెల్టు అందాలని పొట్టిగా చేసినదానికి 450.

రూల్ కూడా ఉంది. 2008 నవంబర్ నుంచి ఫెడరల్ నిధులు అందే రోడ్ల మీద పనిచేసేవాళ్లు హై విజిబిలిటీ బట్టలు వేసుకోవాలి. మంట, వేడి, ప్రమాదకర రసాయనాలు నేరుగా తగిలే పనిలో ఉంటే మాత్రం ఫైర్‌వాళ్లకి కోటే చాలని 2009 ట్రాఫిక్ మాన్యువల్‌లో మినహాయింపు పెట్టారు. తీసెయ్యమనేది అందుకే. మామూలు వెస్ట్ పాలిస్టర్, నిప్పు తగిలితే కరిగి కోటుకి అతుక్కుపోతుంది. కోటు పైపొర నోమెక్స్, కెవ్లార్ లాంటి దారాలతో నేస్తారు, అవి మాడి బొగ్గవుతాయేమో గానీ కరిగి కారవు.

కుకట్‌పల్లి_టు_కొలంబస్
నేను ఫైర్‌వాణ్ణి కాదు, ఎదురుగా కారు నడిపేవాణ్ణి. రాత్రిపూట మీ ఇంజిన్ మీద లైట్లన్నీ ఒకేసారి తళతళలాడుతుంటే మాకు కళ్లు బైర్లు కమ్మి, వాటి ముందు నిలబడ్డ మనిషే కనపడడు. వెస్ట్‌తో పాటు ఆ లైట్లు కాస్త తగ్గించండి బాబూ.

రిఫైనరీ_రాజు
ఒహాయో బావ గారు చెప్పింది నిజమే గానీ కోటు పట్టీల్ని మరీ తీసిపారేయకండి. గల్ఫ్‌లో ఒక రిఫైనరీ ఫైర్ క్రూలో పదకొండేళ్లు చేశాను. చేతుల చివర, కాళ్ల చివర పట్టీ పెట్టేది ఊరికే కాదు, అవి అటూ ఇటూ ఊగుతుంటే చూసేవాడికి మనిషి నడుస్తున్నాడని ఇట్టే తెలుస్తుంది. ఛాతీ మీద ఒక్కటే గీత మెరిస్తే బోర్డో డ్రమ్మో అనుకుని పోతాడు. వెస్ట్‌కి కాళ్లు లేవు కదా, ఆ పని ప్యాంటుదే.

ఇంకో సంగతి. వేడికి వెండి గీత చచ్చిపోయినా పగలు చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది. ఒకసారి రాత్రి డ్రిల్‌లో మావాడొకడికి ఎడమ చెయ్యే లేనట్టు కనిపించింది, దగ్గరికెళ్లి చూస్తే పట్టీ ఎక్కడా చిరగలేదు, మాడలేదు, మెరుపు మాత్రం సున్నా. అప్పట్నుంచి నెలకోసారి చీకటి గదిలో కోటు వేలాడదీసి టార్చ్ వేసి చూసేవాళ్లం. టార్చ్ కణత దగ్గర, కంటి పక్కనే పట్టుకోవాలి, నడుం దగ్గర పట్టుకుంటే వెలుగు నడుం దగ్గరికే తిరిగొస్తుంది, మీకు కనపడదు. మసి పట్టినా మెరుపు పోతుంది కాబట్టి ముందు ఉతికించండి, స్టేషన్ మెషిన్‌లోనే, బ్లీచ్ వెయ్యకుండా. ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి వేస్తే ఆ మసిలోని విషమంతా వాళ్లకే అంటుతుంది.

సిక్కోలు_చిన్నోడు
రాజు గారూ, నిన్న స్టేషన్‌లో లైట్లార్పి టార్చ్ వేశాను. నా కోటు ఎవరో వాడి ఇచ్చినది లెండి. కుడి చేతి పట్టీ అస్సలు వెలగలేదు, వీపు మీద సగమే. కెప్టెన్‌కి చూపిస్తే నవ్వలేదు, మిగతావాళ్ల కోట్లు కూడా తెప్పించి వరసగా వేలాడదీయించాడు. ఇంకో మూడు అలాంటివే తేలాయి. పట్టీలు మార్పించడానికి పంపుతున్నారు, అవి వచ్చేదాకా నాకు స్పేర్ కోటు ఇచ్చారు, రెండు సైజులు పెద్దది.