విశాఖ తేమకు అమ్మ గీసిన బొమ్మలు బూజు పడుతున్నాయి, ఎలా కాపాడుకోవాలి?

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. అమ్మకు 71 ఏళ్లు. వాకిట్లో ముగ్గులతో మొదలుపెట్టి నీటి రంగులు, ఆయిల్, బాతిక్ (గుడ్డ మీద మైనంతో వేసే అద్దకం), లినో ప్రింట్లు (లినోలియం పలక మీద చెక్కి తీసే అచ్చులు), మట్టిబొమ్మలు... ఒకదానిలో చేయి తిరగగానే ఇంకోటి పట్టుకునేది. నిలకడ లేదని చుట్టాలు అనేవారు. నేనెప్పుడూ అలా అనుకోలేదు. లినో చెక్కడం నేర్చుకున్నాక ఆమె నీటి రంగుల్లో గీత కూడా మారింది, కళ్లారా చూశాను.

ఈ వానాకాలం అలమరా తెరిస్తే, 1980లలో వేసిన భీమిలి, ఆర్కే బీచ్ బొమ్మల మీద గోధుమ రంగు మచ్చలు, బూజు. ఒక ఫ్రేముల షాపులో ఇస్తే తడిగుడ్డతో తుడిచారు. ఆకాశంలో నీలం సగం పోయింది. అమ్మ ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పెరుగుతుందని, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టాలని చదివాను. సముద్రం పక్కన ఆ తేమను తగ్గించేదెలా? తేమ పీల్చే సిలికా జెల్ సరిపోతుందా? ఉన్న బూజును పొడి కుంచెతో దులపవచ్చా? బాతిక్ గుడ్డలు మడత పెట్టాలా, చుట్టి పెట్టాలా? కాగితం చిత్రాలు బాగుచేసేవాళ్లు విశాఖలో ఎవరైనా తెలుసా?

ఇంకొకటి. అమ్మకు ఇప్పుడు ఏటికొప్పాక లక్క పని మీద మనసు పడింది. అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగు అద్దడం ఒక్కసారైనా తన చేత్తో చేయాలట. మణికట్టు నొప్పి ఉన్న పెద్దావిడకు ఓపిగ్గా నేర్పేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.