టేకు డైనింగ్ టేబుల్ కాళ్లకి గోడ రంగు వేయించడం తప్పా?

పట్టాభిపురం ఇల్లు:
అందరికీ నమస్కారం. గుంటూరులో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. డైనింగ్ వైపు గోడకి నెమలికంఠం రంగు వేయించాం, మిగతావన్నీ లేత క్రీమ్. మా మామగారు ఎప్పుడో చేయించిన ఆరు కుర్చీల టేకు టేబుల్ ఉంది. పాలిష్ నల్లబడిపోయింది, ఆ వెలుతురు గదిలో మరీ బరువుగా, గదికి సంబంధం లేనట్టు కనిపిస్తోంది. నా ఆలోచన ఏంటంటే, పై బల్లని ముట్టుకోకుండా కాళ్లకీ, బల్ల కింద చుట్టూ తిరిగే పట్టీకీ గోడ రంగే వేయించి, కుర్చీల వీపు పట్టీల మీద స్టెన్సిల్‌తో చిన్న ముగ్గు దింపించాలని. మా అత్తగారు మాత్రం "పాలిష్ ఎన్నిసార్లయినా చేయించుకో, టేకు మీద రంగు మాత్రం వేయనివ్వను" అంటున్నారు. గొడవేం లేదు కానీ ఎవరి మాట మీద వాళ్లం ఉన్నాం. చేయించినవాళ్లు, వద్దనుకున్నవాళ్లు ఇద్దరూ చెప్పండి.

సత్యనారాయణపురం వాసి:
మీ అత్తగారి మాటే నా మాటండి. గోడ రంగు ఎంతకాలం ఉంటుంది? ఐదారేళ్లకి మళ్లీ పెయింటర్‌ని పిలుస్తాం, అప్పటికి నెమలికంఠం మొహం మొత్తి గంధం రంగో ఇంకోటో వేయిస్తాం. అప్పుడు ఈ కాళ్ల సంగతేంటి? రంగు ఒకసారి టేకు గుల్లల్లోకి, అంటే చెక్కలోని సన్నటి రంధ్రాల్లోకి దిగిందంటే గీకినా, రిమూవర్ పూసినా పూర్తిగా రాదు. లేత్ మెషీన్ మీద తిప్పి వంపులు తీసిన కాళ్లయితే ఆ వంపుల్లో అసలే రాదు. మీ మామగారు డబ్బు పెట్టి టేకు కొన్నది ఆ గీతల కోసం, గట్టిదనం కోసం. నలుపు అంటారా, అది చెక్క నలుపు కాదు, ఏళ్ల తరబడి పట్టిన నూనె జిడ్డూ పాత పాలిషూ. దాన్ని తీయించి చూడండి, తేనె రంగు చెక్క బయటపడుతుంది. గదికి కలవాలి అనుకుంటే పెడన కలంకారీ గుడ్డ ఒకటి బల్ల మధ్యలో పరవండి, నీలం, ఎరుపు రెండూ ఉన్నవి దొరుకుతాయి. మొహం మొత్తితే మడిచి బీరువాలో పెట్టుకోవచ్చు.

రంగులపెట్టె:
నేను ఇళ్ల లోపలి అలంకరణ పని చేస్తాను, కాబట్టి రంగు వైపే మాట్లాడతాను. వస్తువు నచ్చకపోతే ఏం జరుగుతుందో ఇళ్లల్లో చూస్తూనే ఉన్నాను. మంచి టేకు బల్లని పాతసామాన్ల వాళ్లకి ఇచ్చేసి, దాని స్థానంలో సన్‌మైకా అంటించిన ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసిన బోర్డు) టేబుల్ కొనుక్కుంటారు. రంగు వేసిన టేకు టేబుల్ ఇంట్లో ఉండటం అంతకంటే వెయ్యి రెట్లు నయం కాదా? అయినా చెక్క మీద రంగు మనకి కొత్తేం కాదు. గడపకి పసుపు రాస్తాం, పెళ్లిపీటలకి రంగులు వేస్తాం, కొండపల్లి మన పక్కనే ఉంది.

కానీ ఒక మాట. గోడ మీద ఉన్న రంగునే తెచ్చి కాళ్లకి వేయకండి. గోడంతా నెమలికంఠం, దాని ముందు కాళ్లూ నెమలికంఠమే అయితే దూరం నుంచి చూసినప్పుడు కాళ్లు గోడలో కలిసిపోయి పై బల్ల ఒక్కటే గాల్లో ఉన్నట్టు అవుతుంది. చీరకి అంచు ఎలా ఎంచుకుంటామో అలా ఎంచుకోండి, ఒంటి రంగే అంచుగా నేయరు కదా. గదిలో తక్కువగా ఉన్న రంగు ఏదుందో చూడండి, కర్టెన్ అంచులోనో, కుర్చీ దిండులోనో. లేదా గోడ రంగే కావాలంటే దానికి రెండు మెట్లు ముదురు తీసుకోండి. టేకు ఎరుపు, పసుపు కలిసిన చెక్క, దాని పక్కన ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, గచ్చకాయ రంగు బాగుంటాయి. మెరిసే తెలుపు, లేత గులాబీ పెడితే చెక్క మురికిగా కనిపిస్తుంది.

కొండపల్లి దగ్గర:
కొండపల్లి పేరు తెచ్చారు కాబట్టి చెప్తున్నా, ఆ పోలిక ఇక్కడ సరిపోదు. బొమ్మలకి వాడేది తెల్ల పొణికి. తేలికైన మెత్తటి చెక్క. తడి పోయేలా వేడి పెట్టి, చేతులూ తలలూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన ముద్దతో అతికి, పైన సుద్ద పూసి, ఆ తర్వాతే రంగు. చూపించుకోవడానికి పొణికికి గీతలు పెద్దగా ఉండవు, దానికి రంగే అందం. టేకు విషయం తలకిందులు. ఇంకో సంగతి, ఎవరైనా పెయింటర్ "ఏటికొప్పాక బొమ్మల లక్క ఫినిష్ కొడతా" అంటే నమ్మకండి. ఆ లక్క చెక్క లేత్ మీద తిరుగుతున్నప్పుడు రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, బిగించేసిన కాళ్లకి వేసేది కాదు. అంత రంగు ఇష్టమైతే ట్రే, ఉప్పుకారం డబ్బాలు రంగుల్లో తెచ్చుకోండి.

చెక్కపని బెజవాడ:
అన్నా, అక్కా, ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. రంగు గుల్లల్లోకి దిగితేనే కదా వెనక్కి రాదు అనేది. దిగకుండా చేయొచ్చు. మామూలుగా పెయింటర్లు ఏం చేస్తారంటే పాత పాలిష్ అంతా గీకేసి, పచ్చి చెక్క మీద లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, పైన ఎనామిల్ వేస్తారు. అలా చేస్తే మాత్రం సత్యనారాయణపురం ఆయన చెప్పిందే నిజం, ఆ గీతలు మళ్లీ చూడరు. పాత పాలిష్‌ని ఉంచేయండి. అదే చెక్కకీ రంగుకీ మధ్య పొర.

ముందు బల్ల కింద కనపడని చోట దూదితో స్పిరిట్ రుద్దండి. జిగురుగా వచ్చిందంటే అది లక్క పాలిష్. స్పిరిట్‌కి కదలకుండా థిన్నర్‌కి మెత్తబడితే లక్కర్, అంటే థిన్నర్ కలిపి కొట్టే పాలిష్, లక్క కాదు. దేనికీ కదలకపోతే మెలమైనో పీయూనో (పాలీయురిథేన్), గట్టి రకం పాలిష్‌లు. ఏదైనా సరే, టర్పెంటైన్‌తో జిడ్డు, మైనం పూర్తిగా తుడవాలి, మైనం మీద ఏ రంగూ నిలవదు. తర్వాత 220 నంబర్ ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దాలి, చెక్క కనిపించేదాకా వద్దు. ఎక్కడైనా చెక్క బయటపడితే అక్కడ పల్చగా రెండు చేతులు (రెండు కోటింగులు) లక్క పాలిష్ కొట్టాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, దాని రంగు పైకి ఊరి లేత పెయింట్ మీద పసుపు మరకలుగా వస్తుంది, లక్క పొర దాన్ని కూడా ఆపుతుంది. ఆ తర్వాత ప్రైమర్, పైన పల్చటి రెండు చేతులు ఎనామిల్. ఒక చేతికీ ఇంకో చేతికీ మధ్య ఒక రాత్రి వదలండి. చేతికి అంటకపోయినంత మాత్రాన గట్టిపడినట్టు కాదు, రెండు మూడు వారాలు కాళ్ల దగ్గర తడిగుడ్డ పెట్టకుండా, కుర్చీలు గుద్దకుండా చూసుకోవాలి.

పై బల్లకి మాత్రం రంగు ఎవరు చెప్పినా వద్దు. వేడి గిన్నె, గోంగూర నూనె, పసుపు, రోజూ తుడుపు, ఇవన్నీ పడేది అక్కడే.

బుడమేరు గట్టు:
టేకుకి రంగు వేయడం అవమానం అన్నట్టు మాట్లాడుతున్నారు, నాకు బాధగా ఉంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు మాది గ్రౌండ్ ఫ్లోర్. నీళ్లు రోజుల తరబడి ఇంట్లోనే ఉన్నాయి. టీవీ కింద పార్టికల్ బోర్డు ఉబ్బి ముద్దయింది, ప్లైవుడ్ అల్మరా పొరలు పొరలుగా విడిపోయింది. అమ్మ చేయించిన టేకు బల్ల ఒక్కటే నిలబడింది. ఆరాక చూస్తే కాళ్లకి సగం దాకా నల్లటి మరక, మేకులున్న చోట ఇంకా నలుపు. ఆక్సాలిక్ యాసిడ్ పెడితే కొంత పోయింది, మిగతాది పాలిష్ కొట్టినా లోపల్నుంచి కనిపిస్తూనే ఉంది. భోజనానికి కూర్చున్న ప్రతిసారీ అమ్మ చూపు ఆ మరక మీదే. అప్పుడు కాళ్లకి ముదురు గచ్చకాయ రంగు వేయించాం, కిటికీ రెక్కలకి ఉన్న రంగే. ఇప్పుడు ఆ బల్ల మా ఇంట్లో అన్నింటికంటే బాగుంది. రంగు లేకపోతే దాన్ని అమ్మేసేవాళ్లమేమో.

సత్యనారాయణపురం వాసి:
మీ ఇంటి విషయంలో రంగు వేయడమే సరైన పని, అందులో నాకు రెండో మాట లేదు. నేను కాదన్నది మచ్చలేని చెక్క మీద గోడకి మ్యాచింగ్ కోసం వేయడాన్ని. చెక్కపని ఆయన చెప్పినట్టు పాత పాలిష్ కిందే ఉండి, రేపు తీస్తే వస్తుందంటే కాళ్ల వరకు నా పట్టు సడలిస్తా. కుర్చీల ముగ్గు మాత్రం ఇప్పటికీ వద్దంటాను. వీపు ఆనే చోట, నూనె జుట్టు తగిలే చోట వేసిన స్టెన్సిల్ సగం అరిగి సగం మిగిలితే చూడలేం.

రంగులపెట్టె:
ముగ్గుని కుర్చీ వెనక్కి తిప్పండి, హాల్లోంచి కనిపించే వైపు. అక్కడ వీపు ఆనదు, రుద్దుడు ఉండదు. అదీ అన్ని కుర్చీలకీ కాదు, రెండు చివర్ల ఉన్న వాటికి చాలు. అంచులకి మాస్కింగ్ టేప్ వేస్తే రంగు పూర్తిగా ఎండకముందే మెల్లగా వెనక్కి మడిచి లాగండి, ఎండాక లాగితే పెచ్చులు లేస్తాయి.

అరండల్‌పేట:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా టేబుల్ పైన గాజు ఉంది, కింద చెక్కకి అంచు చుట్టూ రంగు పట్టీ గీయించాలనుకుంటున్నాం. గాజు ఉంది కాబట్టి గిన్నెల వేడి తగలదు కదా?

చెక్కపని బెజవాడ:
వేడి కొంత తగ్గుతుంది, ఇబ్బంది ఇంకో చోట ఉంది. మే నెలలో మన ఎండలకి రంగు మెత్తబడి గాజుకి అతుక్కుంటుంది, గాజు ఎత్తినప్పుడు రంగు దాంతోపాటే వస్తుంది. నీళ్లు ఒలికి గాజు కిందికి పోతే ఆరే దారీ ఉండదు. రంగు వేశాక కనీసం నెల ఆగి, మూలల్లో పారదర్శకంగా ఉండే సిలికాన్ బొత్తాలు పెట్టి వాటి మీద గాజు పెట్టండి.

కొండపల్లి దగ్గర:
పిల్లలున్న ఇళ్లవాళ్లు ఒకటి చూసుకోండి. 2017 నవంబర్ 1 నుంచి ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదని నిబంధన ఉంది, డబ్బా మీద ఆ మాట రాసి ఉంటుంది. అటక మీద మిగిలిపోయిన పాత డబ్బా తీసి వాడొద్దు. అంతకుముందు రంగు వేసిన పాత కుర్చీ ఉంటే పొడిగా రుద్దకండి, తడిపి రుద్దించండి, ఆ పొడి పిల్లలు పీల్చకూడదు.

పట్టాభిపురం ఇల్లు:
అందరికీ ధన్యవాదాలు. ఈ మాటలన్నీ మా అత్తగారికి చదివి వినిపించాను. పాలిష్ కిందే ఉంటుంది అన్న మాట దగ్గర ఆవిడ ఆగి మళ్లీ చదవమన్నారు. చివరికి ఇద్దరం ఒప్పుకున్నది ఇది: పై బల్లకి పాత పాలిష్ తీయించి మళ్లీ చేయించడం, ముందు ఒక్క కుర్చీ కాళ్లకి ముదురు నీలం వేయించి నెలపాటు వాడి చూడటం. నచ్చకపోతే టేబుల్ జోలికి వెళ్లం. ముగ్గు సంగతి ఇంకా తేలలేదు, ఆవిడ వద్దనే అంటున్నారు, నేను కావాలనే అంటున్నాను. చెక్కపని అన్నగారూ, పాలిష్ ముందా, రంగు ముందా?

చెక్కపని బెజవాడ:
పాలిష్ ముందు చెల్లెమ్మా. పై బల్ల రుద్దినప్పుడు పొడి అంతా కాళ్ల మీదే పడుతుంది. వాన పట్టిన రోజుల్లో మాత్రం పని పెట్టుకోవద్దు, తేమకి లక్కర్ తెల్లగా మంచుపట్టినట్టు అయిపోతుంది. దసరా దాటాక, గాలి కాస్త పొడిబారాక మొదలుపెట్టించండి.