అప్‌డేట్: ఎలుకలో పేషెంట్ మ్యూటేషన్ పెట్టినా స్ప్లైసింగ్ మారట్లేదు అన్నాను కదా, కారణం దొరికింది

గుర్తులేనివాళ్ల కోసం: ఒక అరుదైన న్యూరోడెవలప్‌మెంటల్ డిజార్డర్, మ్యూటేషన్ ఇంట్రాన్ (స్ప్లైసింగ్‌లో, అంటే ఆర్‌ఎన్‌ఏని కత్తిరించి అతికించేటప్పుడు, తీసేసే భాగం) లోపల బాగా లోతుగా ఉంది, పేషెంట్ కణాల్లో దానివల్ల ఆర్‌ఎన్‌ఏలో ఒక సూడో ఎక్సాన్ (ఉండకూడని అదనపు ముక్క) వచ్చి చేరుతుంది, అదే మార్పు ఎలుక జీన్‌లో పెడితే మాత్రం అంతా నార్మల్. (జీన్ పేరు పబ్లిష్ అయ్యేదాకా చెప్పలేను, ఏమనుకోకండి.)

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. స్ట్రెయిన్, వయసు, యాంటీబాడీ, వీటికి దేనికీ సంబంధం లేదని తేలింది. "రెండు ఇంట్రాన్లూ పక్కపక్కన పెట్టి చూడండి" అన్నవాళ్లదే కరెక్ట్. మా బయోఇన్ఫర్మాటిక్స్ ఆవిడ అలైన్ చేసి చూపించారు, మ్యూటేషన్ ఒక కొత్త స్ప్లైస్ సైట్‌ని (కత్తిరించే చోటుని) తయారుచేస్తుంది కానీ దానికి జతగా ఉండాల్సిన రెండో సైట్ మనిషి ఇంట్రాన్‌లోనే ఉంది, ఎలుకలో ఆ ముక్కే లేదు, ఇక సూడో ఎక్సాన్ ఎలా వస్తుంది!

అందుకే ఆ ఇంట్రాన్‌నీ అటూ ఇటూ ఎక్సాన్లనీ (ఆర్‌ఎన్‌ఏలో మిగిలే భాగాల్ని) మనిషి సీక్వెన్స్‌తో మార్చి హ్యూమనైజ్డ్ ఎలుకలు చేయించాం. ఆర్‌టీ-పీసీఆర్‌లో (ఆర్‌ఎన్‌ఏని చూసే టెస్ట్) పైన రెండో బ్యాండ్, అంటే సూడో ఎక్సాన్ చేరిన పొడవైన ఆర్‌ఎన్‌ఏది, వచ్చింది, చాలా పల్చగా. సూడో ఎక్సాన్‌లో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ తయారీ ఆపే సంకేతం) ఉండటంతో ఆ ఆర్‌ఎన్‌ఏని కణమే నాశనం చేసేస్తోంది, కల్చర్‌లోని న్యూరాన్లకి సైక్లోహెక్సిమైడ్ (ఆ నాశనాన్ని అడ్డుకునే రసాయనం) ఇచ్చాక బ్యాండ్ స్పష్టంగా కనిపించింది. మ్యూటేషన్ లేని హ్యూమనైజ్డ్ కంట్రోల్ కూడా తప్పకుండా పెట్టుకోండి, లేదంటే మనిషి ఇంట్రాన్ వల్ల వచ్చిందో మ్యూటేషన్ వల్ల వచ్చిందో చెప్పలేరు.

యాంటీసెన్స్ మందు (ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్స్‌కి అతుక్కుని పనిచేసేది) టెస్ట్ చేయాలన్నా మనిషి సీక్వెన్సే కావాలి, ఎస్ఎంఏకి (కండరాలు బలహీనపడే జన్యు వ్యాధి) కూడా ఎలుకల్లో మందు గురిపెట్టే ఎస్ఎంఎన్2 జీనే లేక మనిషిది పెట్టాల్సొచ్చింది. బిహేవియర్ టెస్టులు ఇంకా నడుస్తున్నాయి.