ఎఫ్‌సీఆర్ ఒకటి చెబుతోంది, ఆర్‌ఎఫ్‌ఐ ఇంకోటి చెబుతోంది: ఏ ఆబోతుని కొనాలి?

పెయ్యదూడ:

టెక్సస్‌లో అరవై ఆవుల మంద. సగానికి పైగా బ్రాంగస్ (ఆంగస్, బ్రహ్మన్ కలిసిన జాతి), మిగతావి ఆంగస్ అనే మాంసపు జాతి. కోడెదూడల్ని పాలు మాన్పించగానే అమ్మేయకుండా దాణా మీద పెంచి మాంసానికి పంపాలని, పెయ్యల్లో మంచివాటిని మందలోనే నిలుపుకోవాలని ఆలోచన. మేత ఖర్చు చూస్తుంటే ఆబోతుని ఎంచుకునేటప్పుడే ఆ లెక్క కూడా చూసుకోవాలనిపిస్తోంది.

ఒక అమ్మకం కేటలాగులో రెండు ఆంగస్ కోడెల దగ్గర ఆగిపోయాను. రెండూ ఒకే కొట్టంలో, ఒకే 70 రోజుల మేత పరీక్షలో ఉన్నవే.

లాట్ 14: పరీక్ష నడిమి బరువు 440 కిలోలు, రోజుకి పెరిగింది 1.80 కిలోలు, తిన్నది ఎండు లెక్కన (తేమ తీసేసి) రోజుకి 10.9 కిలోలు. ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకి పట్టిన మేత) 6.06, ఆర్‌ఎఫ్‌ఐ (తినాల్సినదాని కంటే ఎంత ఎక్కువ, తక్కువ తిన్నదో) +0.33.

లాట్ 31: నడిమి బరువు 400, పెరిగింది 1.45, తిన్నది 8.9. ఎఫ్‌సీఆర్ 6.14, ఆర్‌ఎఫ్‌ఐ −0.58.

కిలో బరువుకి పట్టిన మేత చూస్తే 14 మెరుగు. ఆర్‌ఎఫ్‌ఐ చూస్తే 31. పక్కనే ఆర్‌ఏడీజీ అని ఇంకో కాలమ్. దేన్ని పట్టుకోవాలి? ఆ తేడా దూడల్లోకి ఎంత దిగుతుంది? అమ్మేవాళ్లని ఏమేం అడగాలి?

తూకంరాయి:

రెండు అంకెలూ తప్పు కాదు, అవి చెప్పేది వేరు వేరు సంగతులు. ఎఫ్‌సీఆర్ అంటే తిన్న మేతని పెరిగిన బరువుతో భాగించడం. వేగంగా పెరిగేది ఏదైనా అందులో బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఒంటిని నిలబెట్టుకోవడానికి పోయే మేత ఎక్కువ కిలోల మీద పంచుకుపోతుంది. దాన్ని పట్టుకుని తరతరాలుగా ఆబోతుల్ని ఎంచితే పెరుగుదలతో పాటు ఆవుల సైజు కూడా పెరుగుతుంది. దాణా కొట్టంలో మిగిలిన మేతని పచ్చికలో పెద్ద ఆవులు తినేస్తాయి. మందలో ఖర్చయ్యే మొత్తం మేతలో సగం పైన ఆవుల పొట్టలోకే పోతుందన్నది మర్చిపోకండి.

ఆర్‌ఎఫ్‌ఐ అలా కాదు. 1963లో కోక్, ఆయన సహచరులు ప్రతిపాదించిన లెక్క ఇది. ఇంత బరువున్న పశువు ఇంత పెరగాలంటే ఎంత తినాలో ఆ గుంపు మొత్తం అంకెల నుంచి ఒక సమీకరణం కడతారు. అసలు తిన్నదాంట్లోంచి తినాల్సింది తీసేస్తే మిగిలేది ఆర్‌ఎఫ్‌ఐ. మైనస్ వస్తే తక్కువ తిని పని కానిచ్చినట్టు.

మీ రెండు కోడెలకీ చేసి చూద్దాం. బరువుని నేరుగా వాడరు, 0.75 ఘాతానికి ఎత్తుతారు, మెటబాలిక్ బరువు అంటారు దాన్ని. 440కి అది 96.1, 400కి 89.4. మీరిచ్చిన ఆర్‌ఎఫ్‌ఐ అంకెలకి సరిపోయే ఒక సమీకరణం ఇదీ: తినాల్సింది = 0.08 × మెటబాలిక్ బరువు + 1.6 × రోజువారీ పెరుగుదల. లాట్ 14కి 7.69, 2.88 కలిపి 10.57. తిన్నది 10.9, అంటే 0.33 ఎక్కువ. లాట్ 31కి 7.16, 2.32 కలిపి 9.48. తిన్నది 8.9, అంటే 0.58 తక్కువ. 14 గొప్పతనమంతా పెరుగుదలలో ఉంది, మేత పొదుపులో లేదు.

ఆర్‌ఏడీజీ దీన్నే తిరగేసిన లెక్క: ఇంత తిన్నది ఎంత పెరగాలి, అంతకంటే ఎంత ఎక్కువ పెరిగింది. అమెరికన్ ఆంగస్ సంఘం దాన్ని ఈపీడీగా, అంటే దూడల్లో ఆశించదగ్గ తేడాగా, ఇస్తుంది. అందులో ప్లస్ మంచిది, ఆర్‌ఎఫ్‌ఐలో మైనస్ మంచిది. ఆస్ట్రేలియా వీర్యం కొంటే అక్కడి ఎన్‌ఎఫ్‌ఐ (ఆర్‌ఎఫ్‌ఐకి అక్కడి పేరు) ఈబీవీలోనూ, అంటే జన్యు విలువ అంచనాలోనూ, మైనస్సే మంచిది. గుర్తు తిరగేసి చదివి తప్పు ఆబోతుని కొన్నవాళ్లు లేకపోలేదు.

ఇక దూడల్లోకి ఎంత. ఈ గుణంలో పశువుల మధ్య తేడాల్లో జన్యువుల వాటా (హెరిటబిలిటీ) చాలా అధ్యయనాల్లో 0.3 నుంచి 0.4 మధ్య ఉంది. 0.35 అనుకుంటే, −0.58లో జన్యువులకి చెందిందని ఆశించదగ్గది −0.20. అందులో సగమే దూడకి చేరుతుంది, −0.10. అంటే రోజుకి వంద గ్రాములు. 150 రోజులు దాణా మీద పెడితే ఒక్కో దూడకి 15 కిలోల ఎండు మేత. వంద దూడలకి ఒకటిన్నర టన్ను. తక్కువేం కాదు, కానీ రంగు కాగితాల మీద వేసే అంకె మాత్రం ఇది కాదు.

గాడికాడ:

అడిగారు కాబట్టి, అమ్మేవాళ్లని అడగాల్సినవి. పరీక్ష సరిగ్గా జరగకపోతే పై లెక్కంతా గాలికి పోతుంది.

మొట్టమొదట తూకం. మొదట్లో రెండు రోజులు వరసగా, చివర్లో రెండు రోజులు వరసగా తూచారా, మధ్యలో 14 రోజులకోసారి తూచారా, పెరుగుదలని ఆ తూకాలన్నిటి మీదా గీత గీసి తీశారా, లేక చివరిదాంట్లోంచి మొదటిది తీసేశారా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. 440 కిలోల కోడె నీళ్లు తాగి, మేసి తూకానికి వస్తే ఒక బరువు, ఖాళీ కడుపుతో వస్తే ఇంకో బరువు. 15 కిలోల తేడా మామూలే. ఆఖరి రోజు లాట్ 14 ఖాళీ కడుపుతో తూకమెక్కిందనుకోండి. 15ని 70తో భాగిస్తే రోజుకి 0.21 కిలోల పెరుగుదల లెక్కలోంచి జారిపోయింది. దాన్ని 1.6తో గుణిస్తే 0.34. ఆ కోడెకి వచ్చిన +0.33 అంతా ఆ ఒక్క తూకం పుణ్యమే కావచ్చు! అందుకే తూచిన ప్రతిసారీ ఒకే వేళకి, పొద్దున మేత వేయకముందు తూచాలి.

రెండోది, అలవాటు రోజులు. కొత్త కొట్టం, కొత్త దాణా, కొత్త తొట్టి. కనీసం 21 రోజులు అలవాటు చేశాకే 70 రోజులు లెక్కపెట్టాలి. దానికి ముందు దూడలు ఎలా పెరిగాయో కూడా చూడాలి. ఎండిన పచ్చికలో బక్కచిక్కిన దూడ కొట్టంలోకి రాగానే పాత లోటు పూడ్చుకుంటూ దూసుకుపోతుంది, కాగితం మీద మహా పొదుపరిలా కనిపిస్తుంది. అది జన్యువు కాదు, ఆకలి. గుంపులో దూడల మధ్య వయసు తేడా 60 రోజులు దాటకూడదనేది ఇందుకే.

మూడోది తొట్టి. గ్రోసేఫ్ లాంటి తొట్టి కింద లోడ్‌సెల్స్ (బరువు తూచే పరికరాలు) ఉంటాయి. పశువు తల దూర్చగానే చెవి ట్యాగు చదివి, తల తీసేలోపు ఎంత తగ్గిందో దాని ఖాతాలో రాస్తుంది. ట్యాగు ఊడినా, గాలికి మేత ఎగిరినా, వాన నీళ్లు తొట్టిలో పడినా తగ్గిన మేతకి లెక్క చెప్పే పశువు ఉండదు. రోజుకి పోసిన మేతలో 95 శాతం ఎవరో ఒకరి ఖాతాలో పడిందా అని చూసి, పడని రోజుల్ని తీసేయాలి. ఎన్ని రోజులు తీసేశారో అడగండి. ఒక తొట్టికి ఎనిమిది పశువులు మించి ఉంటే బలహీనమైనది బలమైనదాని వంతు అయ్యేదాకా నిలబడాల్సిందే.

ఎండు లెక్క కూడా. సైలేజీలో (పాతర వేసిన పచ్చిమేతలో) ఎండు పదార్థం 35 శాతం నుంచి 30కి పడితే, 20 కిలోలు తిన్న కోడె ఒక లెక్కలో 7 కిలోలు, ఇంకో లెక్కలో 6 కిలోలు తిన్నట్టు. వారానికోసారైనా నమూనా ఆరబెట్టి తూచాలి. ఒకే కొట్టంలోని వరసక్రమం దీనివల్ల పెద్దగా మారదు గానీ, వేరే కొట్టంతో పోలిస్తే మాత్రం మోసపోతాం.

జబ్బుపడి నాలుగు రోజులు మేత మానేసిన కోడె అంకెలు అందులోనే ఉంచారా అన్నది మరీ చివరి ప్రశ్న.

పెయ్యదూడ:

అంటే వేరే ఫారం కేటలాగులో −1.1 ఉన్న కోడె మా −0.58 కంటే మేలనుకోకూడదా?

తూకంరాయి:

అనుకోకూడదు. ఒక గుంపు ఆర్‌ఎఫ్‌ఐల సగటు ఎప్పుడూ సున్నానే, లెక్క కట్టే పద్ధతే అంత. తిండిపోతుల గుంపులో −1.1 వచ్చినది, పొదుపరుల గుంపులో ప్లస్‌లోకి పోవచ్చు. గుంపులు దాటి పోల్చాలంటే సంఘం ఇచ్చే ఈపీడీ చూడాలి, పక్కనున్న నమ్మకం అంకెతో సహా. డీఎన్‌ఏ పరీక్ష కలిస్తే ఆ నమ్మకం కొంత పెరుగుతుంది. అయితే ఆంగస్ అంకెల మీద కట్టిన డీఎన్‌ఏ అంచనా మీ బ్రాంగస్ ఆవులకి అంతగా పనికిరాదు.

నడుంకట్టు:

అందరూ మైనస్ వెంట పడుతున్నారు, ఒక మాట. మైనస్ ఎక్కువున్నవి సగటున కొంచెం కొవ్వు తక్కువ పశువులు. కొవ్వు పట్టించడానికి మేత ఎక్కువ పడుతుంది, కొవ్వు పట్టనిది సహజంగానే పొదుపరిలా కనిపిస్తుంది. మీరు పెయ్యల్ని నిలుపుకుంటామన్నారు. ఒంట్లో కొవ్వు తక్కువైన పెయ్యలు ఎదకి ఆలస్యంగా వస్తాయి. అరవై ఆవుల్లో రెండు మూడు చూడి కట్టకపోతే, రోజుకి వంద గ్రాముల ఆదా ఎటు పోయిందో తెలియదు. అందుకే సమీకరణంలో వీపు కొవ్వు మందం కూడా కలిపారా అని అడగండి. అల్ట్రాసౌండ్‌తో 12, 13వ పక్కటెముకల మధ్య చూస్తారు. కలిపి ఉంటే బాగుంది. లేకపోతే లాట్ 31 కొవ్వు మందం, వృషణాల చుట్టుకొలత, తల్లి ఈతల రికార్డు చూసి గానీ డబ్బు కట్టకండి.

గింజ దాణా మీద పరీక్షలో నెగ్గినది గడ్డి మీదా నెగ్గుతుందని హామీ లేదన్నది ఇంకో సంగతి. మీ ఆవులు ఏడాదిలో ఎక్కువ భాగం గడ్డి మీదే కదా.

గాడికాడ:

నడుంకట్టు గారి మాట నిజమే, కానీ కొవ్వు వాటా మరీ పెద్దది కాదు. ఆస్ట్రేలియాలో రిచర్డ్‌సన్, హెర్డ్ వేసిన లెక్కలో ఆర్‌ఎఫ్‌ఐ తేడాల్లో ఒంటి కూర్పు వాటా 5 శాతం. ప్రోటీన్ విరిగి మళ్లీ కట్టుకోవడం, కణజాలాల పని, ఒత్తిడి కలిపి 37. జీర్ణం 10, కదలికలు 10, మేత తిన్నాక పుట్టే వేడి 9, తినే తీరు 2. ఇంకా 27 శాతం ఏమిటో ఖాతా లేదు. న్యూ సౌత్ వేల్స్‌లోని ట్రాంజీ కేంద్రంలో 1990ల నుంచి ఆంగస్‌ని తక్కువ, ఎక్కువ ఆర్‌ఎఫ్‌ఐ వైపులుగా విడదీసి పెంచారు. తక్కువ వైపు పశువులు పెరుగుదల తగ్గకుండానే తక్కువ తిన్నాయి. గుణం నిజమైనదే. దాన్నొక్కదాన్నే పట్టుకోకూడదు, అంతే.

మైనపుకొండి:

మన ఒంగోలు జాతి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో అక్కడి మాంసపు మందలకి అదే వెన్నెముక. సావో పాలో రాష్ట్రంలో సెర్తాంజిన్యో కేంద్రం నెలోర్ కోడెలకి ఇదే ఆర్‌ఎఫ్‌ఐ పరీక్ష పెడుతోంది. మూపురం జాతులకి ఒంటిని నిలబెట్టుకునే మేత యూరప్ జాతుల కంటే పది శాతం దాకా తక్కువని అమెరికా మేత ప్రమాణాల్లోనే రాసుంది. బ్రాంగస్‌లో ఎనిమిదింట మూడొంతులు మూపురం జాతి బ్రహ్మన్ రక్తం కాబట్టి మీ ఆవుల్లో ఆ సుగుణం కొంత ముందే ఉంది.

పల్లగొర్రె:

పశువులకి ఇంత హంగు కావాలి గానీ, ఇక్కడ నెల్లూరు గొర్రెల్లో విత్తనం పొట్టేలుని ఎంచడానికి ఈ లెక్క వాడొచ్చా? తొట్టి కింద లోడ్‌సెల్స్ పెట్టే స్తోమత ఎవరికీ లేదు.

గాడికాడ:

పొట్టేళ్లకైతే ఇంకా తేలిక, ఒక్కో దానికి ఒక్కో గది కట్టి బకెట్‌తో తూచి పెట్టొచ్చు. మూడు నెలలు దాటి పాలు మానిన పిల్లలు, ఒకే కాన్పు కాలానివి. కవల పిల్లల్ని, ఒంటి పిల్లల్ని విడిగా చూడండి. కవలలు తల్లి దగ్గర తిన్నది తక్కువ, తర్వాత లోటు పూడ్చుకుంటాయి. ముందు నట్టల మందు తాగించి, చిటుకు రోగం, పీపీఆర్ టీకాలు వేసి, మూడు వారాలు అలవాటు చేయండి. గదుల మధ్య కర్రల తడిక ఉండాలి, గోడ వద్దు. పక్కది కనపడకపోతే అరుస్తూ మేత మానేస్తాయి.

చొప్ప గానీ కంది కట్టె గానీ చిన్నగా కొట్టి దాణాతో కలిపే పెట్టాలి. విడిగా పెడితే దాణా ఏరుకు తిని చొప్ప మిగులుస్తాయి, ఏది ఎంత తిన్నదో తెలియదు. మిగిలింది తూచినప్పుడు పదో వంతు ఉండేలా పోయండి. తొట్టి పూర్తిగా ఖాళీ అయిందంటే దాని ఆకలి ఎంతో మనకి తెలియలేదన్నట్టే. కింద ఒలికింది కూడా ఊడ్చి తూకంలో కలపాలి. ఎనిమిది వారాలు, వారానికోసారి పొద్దున తూకం.

మెటబాలిక్ బరువుకి ఫోను క్యాలిక్యులేటర్ చాలు. 20 కిలోల పొట్టేలుకి 20 × 20 × 20 = 8000, వర్గమూలం నొక్కితే 89.4, మళ్లీ నొక్కితే 9.46. ఎక్సెల్‌లో మేత, పెరుగుదల, ఈ అంకె మూడు కాలమ్‌లు వేసి రిగ్రెషన్ (సమీకరణం కట్టే లెక్క) నడిపితే మిగులుని, అంటే ఆర్‌ఎఫ్‌ఐని, అదే చూపిస్తుంది. కనీసం ఇరవై పొట్టేళ్లయినా ఉండాలి. ఆరేడుతో సమీకరణం కడితే అది ఆ ఆరేడింటికే సరిపోయేలా వంగిపోతుంది. అన్ని లేకపోతే సమీకరణం మానేసి, బరువూ పెరుగుదలా దాదాపు ఒకటే ఉన్న జతల్లో తక్కువ తిన్నదాన్ని ఉంచుకోండి.

పెయ్యదూడ:

అమ్మేవాళ్లకి మెయిల్ పెట్టాను. పెరుగుదల గీత పద్ధతిలోనే తీశారట, నాలుగు రోజుల మేత లెక్కలు తీసేశారట. వీపు కొవ్వు సమీకరణంలో లేదు, కానీ స్కాన్ కాగితాలు పంపుతామన్నారు. లాట్ 31 కొవ్వు మందం గుంపు సగటుకి తగ్గకపోతే దానికే పాట పాడతాం.