ఉత్తర ఇటలీలో పది రోజుల సైకిల్ టూర్: ఏ దారి పట్టాలి?

మారతహళ్లి_రెండుచక్రాలు:
అందరికీ నమస్కారం. వచ్చే సెప్టెంబరులో నేనూ మా ఆవిడా ఉత్తర ఇటలీలో సైకిళ్ల మీద తిరగాలనుకుంటున్నాం. తొక్కడానికి పది రోజులుంటాయి. బెంగళూరు నుంచి లేపాక్షికి ఒక్క రోజులో వెళ్లే ఓపిక ఇద్దరికీ ఉంది గానీ, బ్యాగులు కట్టుకుని కొండలెక్కే అలవాటు లేదు. రోజుకి 50–70 కి.మీ. చాలు, మిగతా పూట ఊళ్లు చూడాలి. మ్యాపులో కోమో, డోలమైట్ కొండలు, గార్దా సరస్సు, మాంటోవా, వెనిస్ అన్నిటికీ చుక్కలు పెట్టుకున్నాం. వీటన్నిటినీ కలిపే దారి ఉందా? సొంత సైకిళ్లు (స్టీలు ఫ్రేము, 35 మి.మీ. టైర్లు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు) తీసుకెళ్లడం మేలా, అక్కడ అద్దెకి తీసుకోవడం మేలా? ఇద్దరం శాకాహారులం.

నదివెంట:
అన్నీ కలపకండి. చుక్కలు కలుపుతూ పోతే సగం రోజులు రైళ్లలోనే అయిపోతాయి. కోమో ఈసారికి వదిలేయండి, అక్కడ సరస్సు ఒడ్డు రోడ్లు ఇరుకు, కార్లు ఎక్కువ. నీళ్లు పారే దిక్కునే మీరూ వెళ్లండి: బోల్జానోలో ఆదిజె నది లోయలో మొదలుపెట్టి, మిన్చో నది పట్టుకుని మాంటోవా, అక్కణ్నుంచి పో నది కరకట్ట మీద ఫెరారా. బోల్జానో ఎత్తు 262 మీటర్లు, ఫెరారా 9 మీటర్లు. దారిలో చెప్పుకోదగ్గ ఎక్కుడు గార్దా వైపు తిరిగే దగ్గర ఒక్కటే. ఈ దారిలో చాలా భాగం యూరోవెలో 7 (యూరప్ దేశాల్ని కలిపే పొడవాటి సైకిల్ దారుల్లో ఒకటి) కిందికి వస్తుంది కాబట్టి బోర్డులుంటాయి.

బోల్జానో–ట్రెంటో సుమారు 65 కి.మీ. ఇరువైపులా ఆపిల్ తోటలు, మధ్యలో కార్లు రాని తారు బాట. సెప్టెంబరంటే కోతల కాలం, ట్రాక్టర్లు బాట దాటుతుంటాయి, చూసుకోండి. బయల్దేరే ముందు రోజు బోల్జానో పురావస్తు మ్యూజియంలో ఓట్జీని చూడండి. 5,300 ఏళ్ల కిందటి మనిషి దేహం, 1991లో మంచులో దొరికింది. సోమవారం మూసేస్తారు, దాన్ని బట్టి రోజు ఎంచుకోండి.

ఈ లోయలో మొదటిసారి వెళ్లేవాళ్లు దెబ్బతినేది గాలి దగ్గర. పొద్దున ఉత్తరం నుంచి వీస్తుంది, వెనక నుంచి తోస్తుంది. మధ్యాహ్నానికి దిక్కు మారి దక్షిణం నుంచి ఎదురొస్తుంది. గార్దా వైపు నుంచి వచ్చే ఈ గాలిని అక్కడ ‘ఓరా’ అంటారు. పల్లం దారే కదా అని పదింటికి బయల్దేరితే, రెండింటికి బ్యాగులతో గంటకి 12 కి.మీ. కూడా కదలదు. ఏడింటికి బండెక్కి ఒంటిగంటలోపు ఊరు చేరుకునేలా పెట్టుకోండి.

ట్రెంటో తర్వాత రొవెరెటో 27 కి.మీ. లోపే. ఆ రోజుని ట్రెంటోలో బువొన్‌కొన్సిల్యో కోట చూడ్డానికి వాడండి. 1545–1563 మధ్య క్రైస్తవ మహాసభ జరిగిన ఊరది. రొవెరెటోలో మొదటి ప్రపంచ యుద్ధపు ఫిరంగుల కంచు కరిగించి పోసిన పెద్ద గంట ఉంది, రోజూ రాత్రి నూరు సార్లు మోగుతుంది. అది వినడానికైనా ఆ రాత్రి అక్కడే ఉండండి.

రొవెరెటో నుంచి పెస్కియేరాకి (గార్దా దక్షిణపు ఒడ్డున మిన్చో నది మొదలయ్యే ఊరు) రెండు దారులు. మోరీ దగ్గర పడమరకి తిరిగి, చిన్న కనుమ దాటితే టోర్బొలె దగ్గర గార్దా ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తుంది. అక్కడ పడవెక్కి దక్షిణపు ఒడ్డుకి చేరొచ్చు, కానీ సైకిళ్లు ఎక్కించుకునే పడవ ఏదో ముందే కనుక్కోండి. రెండోది ఆదిజె వెంటే రివోలి దాకా వచ్చి, కాస్త ఎక్కి సరస్సు వైపు దిగడం. గార్దా పడమటి ఒడ్డు రోడ్డు మాత్రం వద్దు. సొరంగాలు చీకటిగా, ఇరుగ్గా ఉంటాయి, కొన్నిట్లో సైకిళ్లని రానివ్వరు కూడా.

పెస్కియేరా–మాంటోవా సుమారు 45 కి.మీ., పూర్తిగా చదును. దీన్ని ఒక్క పూటలో ముగించేయకండి, నీటి మరల ఊరు బొర్గెట్టోలో ఆగండి. మాంటోవాలో రెండు రాత్రులు. డ్యూకుల కోటలో మాంటెన్యా 1465–74 మధ్య గోడల నిండా బొమ్మలు వేసిన గదికి రోజుకి ఇంతమందినే పంపుతారు, టికెట్ ముందే తీసుకోండి.

మాంటోవా–ఫెరారా దాదాపు 100 కి.మీ. ఒక్క రోజులో పెట్టకండి. సాన్ బెనెడెట్టో పో మఠం చూసి, ఓస్టిల్యా దగ్గర్లో పడుకుని, మర్నాడు స్టెల్లాటా కోట మీదుగా ఫెరారా. కరకట్ట దారి అంటే మన కృష్ణా కరకట్టే గుర్తు తెచ్చుకోండి: ఎత్తు మీద తిన్నగా దారి, కింద పొలాలు, చెట్టు నీడ లేదు. కొన్ని చోట్ల తారు, కొన్ని చోట్ల కంకర. మీ 35 మి.మీ. టైర్లు సరిపోతాయి. ఊళ్లు కరకట్టకి కిందుగా ఉంటాయి, నీళ్ల కోసం దిగి ఎక్కాలి, కాబట్టి మనిషికి రెండు లీటర్లు పెట్టుకోండి.

ఫెరారాలో మూడో వంతు రోజు కోట గోడల మీద తిరగడానికే ఉంచండి. ఊరి చుట్టూ 9 కి.మీ. ప్రాకారం, దాని మీద సైకిల్ తొక్కొచ్చు. ముసలివాళ్లు కూరగాయల సంచి హ్యాండిల్‌కి తగిలించుకుని పోతుంటారు. సైకిల్ ఊరంటే అది.

జయనగర్_స్పానర్:
సైకిళ్ల సంగతి నేను చెప్తాను. పది రోజులకైతే సొంతవే తీసుకెళ్లండి, సీటు కొలతలు కుదిరిన సైకిల్ మీద పది రోజులు నడుం నొప్పి లేకుండా గడుస్తాయి. అద్దెకి తీసుకునే పక్షంలో ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇవ్వొచ్చో లేదో ముందు అడగండి, మీ దారి తిరిగి మొదటికి రాదు కదా.

అట్టపెట్టె మన ఊళ్లో ఏ సైకిల్ షాపులో అడిగినా ఇస్తారు. పెట్టెతో కలిపి బరువు 18–19 కిలోలవుతుంది. బరువు సరిపోయినా కొలత ఎక్కువ, మామూలు చెకిన్ లగేజీకి చాలా ఎయిర్‌లైన్లు పెట్టే 158 సెం.మీ. దాటుతుంది. టికెట్ తీసుకున్న రోజే ఎయిర్‌లైన్‌కి రాసి సైకిల్ నమోదు చేయించుకోండి.

విప్పేటప్పుడు ఎక్కువమంది పాడుచేసేది ఎడమ పెడల్. దాని మర తిరగబడి ఉంటుంది. స్పానర్ పైకి నిలబెట్టి పట్టుకుని, రెండు వైపులా వెనక చక్రం వైపుకి తిప్పితే ఊడుతుంది. మళ్లీ బిగించేటప్పుడు మరకి కొంచెం గ్రీజు రాయండి, వేళ్లతో నాలుగు చుట్లు తిరిగాకే స్పానర్ పట్టండి. రియర్ డెరైలర్‌ని (వెనక గేర్లు మార్చే భాగం) 5 మి.మీ. ఎలెన్ కీతో విప్పి, గుడ్డ చుట్టి చైన్‌స్టే (చైను పక్కన వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేము గొట్టం) లోపలివైపు కట్టేయండి. దాన్ని అలాగే వదిలితే పెట్టె పక్కకి పడ్డప్పుడు హ్యాంగర్ (డెరైలర్‌ని ఫ్రేముకి తగిలించే ముక్క) వంగుతుంది. మీ ఫ్రేము హ్యాంగర్ విడిగా ఊడొచ్చే రకమైతే స్పేర్ ఒకటి కొనండి, అక్కడ ఆ మోడల్ దొరక్కపోతే టూర్ ఆగిపోతుంది.

మీవి హైడ్రాలిక్ కాబట్టి చక్రాలు తీయగానే బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి. అది లేకుండా పొరపాటున లివర్ నొక్కితే పిస్టన్లు మూసుకుపోయి రోటర్ (చక్రానికి ఉండే బ్రేకు డిస్కు) మళ్లీ దూరదు. రోటర్లు విప్పి బట్టల మధ్య పెట్టుకోండి. ఫోర్కు కొసల మధ్య స్పేసర్ బిగించాలి. టైర్లలో గాలి పూర్తిగా తీయొద్దు, రిమ్ముకి దెబ్బ తగలకుండా కొంచెం ఉంచండి. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చేతి సంచిలోనే. గ్యాస్ కార్ట్రిడ్జులు ఇంట్లో వదిలేసి చేతి పంపు తీసుకెళ్లండి.

ఇంకొకటి. పాత ఊళ్లలో వీధులకి నదీ గులకరాళ్లు పరిచి ఉంటాయి, మాంటోవా పెద్ద చౌకులో మరీను. ఆ అదురుకి క్యారియర్ బోల్టులు వదులవుతాయి. బయల్దేరే ముందు ఎం5 బోల్టులకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టి ఉంచే జిగురు) వేయండి, రెండు స్పేర్ బోల్టులు టేపుతో ఫ్రేముకి అంటించుకోండి, రోజూ రాత్రి చేత్తో ఊపి చూడండి. కొన్ని వీధుల్లో గులకరాళ్ల మధ్య నున్నటి రాతిపలకల వరసలు రెండు ఉంటాయి, ఒకప్పుడు బండి చక్రాల కోసం వేసినవి. పొడిగా ఉంటే వాటి మీదే తొక్కండి, హాయిగా ఉంటుంది. తడిస్తే సబ్బులా జారతాయి, దిగి నడిపించుకోండి.

తూర్పుగట్టు:
నదివెంట గారి దారి మంచిదే. అయినా కొండలు చూడాలన్న కోరిక బలంగా ఉంటే ఆల్పె ఆద్రియా అనే సైకిల్ బాట చివరి భాగం చూడండి. మొత్తం బాట ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి ఇటలీ సముద్రతీరంలోని గ్రాదో దాకా 410 కి.మీ. ఉంటుంది, మీకు టార్వీజియో నుంచి కిందికి చాలు. పాత రైలు పట్టాలు తీసేసి వేసిన బాట, రైలు ఎక్కగలిగిన వాలే కాబట్టి మోకాళ్లకి భారం ఉండదు. ఇనుప వంతెనలు, సొరంగాలు, కింద తెల్లటి రాళ్ల నది. దిగువన కొంత దూరం మెయిన్ రోడ్డు మీద పోవాలి, అదొక్కటే లోటు. ఆ తర్వాత ఉదీనె, పాల్మనోవా, అక్విలేయా. పాల్మనోవాని 1593లో వెనిస్ వాళ్లు తొమ్మిది కొసల నక్షత్రంలా కట్టారు, ఇప్పటికీ ఆ ఆకారం చెక్కుచెదర్లేదు. ఐదారు రోజుల్లో తీరిగ్గా అయిపోతుంది.

మారతహళ్లి_రెండుచక్రాలు:
అందరికీ చాలా థాంక్సండీ. ఆదిజె–మిన్చో–పో దారికే ఖాయం చేసుకున్నాం, ఆల్పె ఆద్రియా మళ్లీసారికి. ఇంకా మూడు సందేహాలు: తిండి, రైలు, వీసా. ఫెరారా నుంచి వెనిస్ వెళ్లాలని మా ఆవిడ పట్టు.

పప్పుచారు_పెడల్:
తిండి సంగతి చెప్తాను తమ్ముడూ. ‘శాకాహారం’ అని చెప్తే సరిపోదు, కొన్ని కనబడకుండా వస్తాయి. బోల్జానో వైపు కానెడెర్లి అని రొట్టె ఉండలు పెడతారు, చాలాసార్లు అందులో పందిమాంసం ముక్కలు కలుపుతారు. పాలకూరవో చీజువో అడిగి తీసుకోండి. రిజోట్టో అన్నం మాంసం రసంతో ఉడికించారేమో అడగాలి, ఆ రసాన్ని ‘బ్రోదో’ అంటారు. మాంటోవాలో గుమ్మడికాయ కూరిన టొర్టెల్లి దొరుకుతుంది, తియ్యగా ఉంటుంది, తప్పకుండా తినండి. ఫెరారాలో జాగ్రత్త: మెలితిప్పిన కొప్పియా రొట్టెలోనూ, మన చపాతీలా కనిపించే పియదీనాలోనూ సంప్రదాయంగా పంది కొవ్వు కలుపుతారు. ఆ కొవ్వు పేరు ‘స్త్రుత్తో’. ‘సెన్సా స్త్రుత్తో’ అంటే అది లేకుండా అని. నూనెతో చేసిన పియదీనా కూడా చాలా చోట్ల ఉంటుంది. పార్మెజాన్ చీజులో దూడ పొట్ట నుంచి తీసే పదార్థం వాడతారు, మీకు పట్టింపు ఉంటే అదీ వద్దనండి.

వేళలు ఇంకా ముఖ్యం. మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర తర్వాతే. మధ్యలో వంటగదులు మూసేస్తారు, పల్లెల్లో కిరాణా షాపులు కూడా మూస్తారు. ఒంటిగంటకి ఊరు చేరమన్న మాట ఇందుకూ పనికొస్తుంది. ఆదిజె బాట పక్కన సైకిల్ వాళ్ల కోసమే ‘బీచిగ్రిల్’ అనే హోటళ్లున్నాయి. పో కరకట్ట మీద ఆ సదుపాయం ఆశించకండి, రొట్టె, పళ్లు, కాసిని పల్లీలు సంచిలో ఉండాలి. కుళాయి మీద ‘నోన్ పొతాబిలె’ అని రాసుంటే ఆ నీళ్లు తాగొద్దు.

నదివెంట:
రైలు: రీజినల్ రైళ్లలో, టైం టేబుల్లో సైకిల్ గుర్తు ఉన్నవాటిలో, సైకిల్‌ని ఉన్నదున్నట్టు ఎక్కించొచ్చు. సైకిల్‌కి విడిగా 3.50 యూరోల టికెట్. ఫాస్ట్ రైళ్లలో విప్పి సంచిలో పెడితేనే రానిస్తారు. స్టేషన్లో మెట్లుంటాయి, బ్యాగులు ముందే ఊడదీసి పెట్టుకోండి. కాగితం టికెట్‌ని ప్లాట్‌ఫాం మీది మెషీన్‌లో ముద్ర వేయించకపోతే జరిమానా పడుతుంది. ఫెరారా నుంచి రొవీగో, పాదువా మీదుగా మెస్త్రె (వెనిస్‌కి ముందు, ఒడ్డు మీద ఉన్న ఊరు) దాకా ఈ రైళ్లే ఉన్నాయి.

మెస్త్రెలోనే బస తీసుకుని, సైకిళ్లు అక్కడే వదిలి వెనిస్‌కి రైల్లో వెళ్లండి. పాత వెనిస్ వీధుల్లో సైకిల్ తొక్కడమే కాదు, చేత్తో నడిపించుకుపోవడం కూడా నిషేధం. తిరుగు ప్రయాణానికి అట్టపెట్టె కోసం మెస్త్రెలో షాపుకి రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచండి.

వీసా: మీకు కావలసింది షెంగెన్ వీసా, యూరప్‌లో చాలా దేశాలకి అదొక్కటే. మీరు జర్మనీలోని మ్యూనిక్‌లో దిగినా, ఎక్కువ రాత్రులు ఇటలీలో కాబట్టి అప్లికేషన్ ఇటలీకే పెట్టాలి. ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. రోజువారీ ప్లాన్‌లో ఏ రాత్రి ఏ ఊరో, ఏ బుకింగో వరసగా రాయండి. సైకిల్ టూర్ అని స్పష్టంగా రాస్తే, రాత్రికో ఊరు ఎందుకు మారుతున్నారో వాళ్లకి అర్థమవుతుంది.

చివరగా రోడ్డు. అక్కడ కుడివైపు నడక. మనకి రోడ్డు దాటేముందు కుడికి చూడ్డం అలవాటు, అక్కడ ముందు ఎడమకి చూడాలి. అలసిపోయిన సాయంత్రాల్లో, ఖాళీ పల్లె రోడ్ల మీదే ఈ పొరపాటు జరుగుతుంది, ఎదుట బండి లేకపోతే చెయ్యి దానంతటదే ఎడమకి లాగుతుంది. మొదటి మూడు రోజులు హ్యాండిల్ కుడివైపు ఎర్ర టేపు చుట్టుకోండి. ఊళ్ల బయట పక్కపక్కన తొక్కకూడదు, ఒకరి వెనక ఒకరు. చీకటి పడ్డాక ఊరి బయటా, సొరంగాల్లో ఎప్పుడైనా, మెరిసే జాకెట్ వేసుకోవడం చట్టం. అవి రెండు ఇక్కడే కొని బ్యాగు పైజేబులో పెట్టుకోండి, అడుగున పెడితే సొరంగం దగ్గర తీయరు.