ఎఫ్ అని ఉంటే చాలు, ఫైటర్ అయిపోతుందా? మోడల్ పేపర్ కీ మీద చర్చ

బ్రాడీపేట కుర్రోడు:
మా తమ్ముడు గుంటూరులో ఎయిర్‌ఫోర్స్ పరీక్షకి కోచింగ్ తీసుకుంటున్నాడు. ఆదివారం పెట్టిన మోడల్ పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది. "కింది వాటిలో ఫైటర్ కానిది ఏది?" ఆప్షన్లు ఎఫ్-16, ఎఫ్-117, తేజస్, ఏ-10. వాడు ఎఫ్-117 పెట్టాడు. కీలో ఏ-10 అని ఉంది. వెళ్లి అడిగితే "పేరులోనే ఎఫ్ ఉంటే ఇంకేం కావాలి" అన్నారట. నెగెటివ్ మార్కు కూడా పడింది, ఇంట్లో రెండు రోజులుగా ఇదే గోల. నా ఉద్దేశంలో కీ తప్పు. తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట పైలట్:
కీ కరెక్టే బ్రో. అమెరికాలో ఒకప్పుడు ఎయిర్‌ఫోర్స్‌ది ఒక పద్ధతి, నేవీది ఇంకో పద్ధతి. ఒకే ఫాంటమ్ విమానాన్ని నేవీ ఎఫ్4హెచ్ అంటే, ఎయిర్‌ఫోర్స్ ఎఫ్-110 అనేది. ఈ తలనొప్పి వదిలించుకోవడానికే 1962లో అన్ని దళాలకూ ఒకే పద్ధతి తెచ్చారు, ఫాంటమ్ ఎఫ్-4 అయింది. ఎఫ్ అంటే ఫైటర్, ఏ అంటే నేల మీద లక్ష్యాలపై దాడి చేసేది, బి బాంబర్, సి రవాణా, పి సముద్ర గస్తీ. ముందు ఇంకో అక్షరం తగిలిస్తే మార్చిన పని తెలుస్తుంది. సి-130 రవాణా విమానం. కెసి-130 గాల్లో ఇంధనం పోస్తుంది, ఏసి-130 ఫిరంగులు బిగించుకుని తిరుగుతుంది. ఇంత శుభ్రంగా ఉన్నప్పుడు గొడవెందుకు? ఏ అక్షరం ఇస్తే అదే దాని వర్గం. పరీక్షలో మన అభిప్రాయాలు ఎవరడిగారు?

గన్నవరం గాలి:
శుభ్రంగా ఉందా? ఎఫ్-117లో తుపాకీ లేదు, రాడార్ కూడా లేదు. పొట్టలో రెండు బాంబులు పెట్టుకుని చీకట్లో వెళ్లి వేసి రావడమే దాని పని. 1991 గల్ఫ్ యుద్ధంలో బాగ్దాద్ మీద చేసింది అదే. ఎదురుగా శత్రు విమానం వస్తే పారిపోవడం తప్ప దారి లేదు. దాన్ని ఫైటర్ అనడానికి మనసెలా ఒప్పుతుందండీ?

నంబర్ల సంగతి ఇంకా ఘోరం. 1962లో లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు, మరి ఈ 117 ఎక్కడిది? వైఎఫ్-23 అనే నమూనా ఫైటర్ తర్వాత వచ్చేదానికి 24 రావాలి. ప్రయోగ విమానం పేరు ఎక్స్-35 కాబట్టి 2001లో అదే అంకె ఉంచేసి ఎఫ్-35 అన్నారు. బి-2 తర్వాత వచ్చిన బాంబర్ బి-3 కాదు, 21వ శతాబ్దం అని బి-21. వాళ్ల పద్ధతిని వాళ్లే గాలికొదిలేస్తే మన అరండల్‌పేటలో దాన్ని పట్టుకుని వేలాడాలా?

ఉండవల్లి ఆకాశం:
నాదో చిన్న డౌట్. అక్షరమే ప్రమాణం అయితే ఫ్రాన్స్ వాళ్ల రఫేల్ బి బాంబర్ అవ్వాలి కదా? అక్కడ బి అంటే రెండు సీట్లది అని. సి ఒంటి సీటుది, ఎం నేవీది. మిగ్‌లో అయితే అక్షరాలు పనిని చెప్పవు, మికోయాన్, గురేవిచ్ అనే ఇద్దరి పేర్లు అవి. ఆప్షన్లలో తేజస్‌కి అసలు ఏ అక్షరమూ లేదు. మరి అది ఫైటర్ అని కీ రాసినవాళ్లు దేన్ని చూసి తేల్చారు?

పటమట పైలట్:
ఎఫ్-117 అక్షరం తేడాగా ఉందని నేనూ ఒప్పుకుంటా. కానీ ఆయుధాలు చూసి వర్గం తేల్చాలంటే రోజుకో వర్గం మార్చాలి. ఏ-10 కూడా గాల్లో విమానాల్ని కొట్టే సైడ్‌వైండర్ మిసైళ్లు మోస్తుంది. అప్పుడు దాన్నీ ఫైటర్ అందామా?

పట్టాభిపురం సార్జెంట్:
అబ్బాయిలూ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో జాగ్వార్లకి ఆయుధాలు బిగించే పనిలో ఉండి రిటైర్ అయ్యాను. జాగ్వార్ పుట్టిందే శత్రువు భూభాగంలోకి కిందకంటా చొచ్చుకెళ్లి బాంబులు వేయడానికి. మనవాళ్లు దానికి పెట్టుకున్న పేరు షంషేర్. అయినా దానికి 30 మిల్లీమీటర్ల తుపాకులు రెండున్నాయి. రెక్కల పైన, కింద కాదు, పైనే, మ్యాజిక్ మిసైళ్లు తగిలించేవాళ్లం. అవి గాల్లో విమానాల్ని కొట్టేవి. కొత్తగా వచ్చినవాళ్లు రెక్క మీద మిసైల్ చూసి నోరెళ్లబెట్టేవాళ్లు. కాబట్టి ఆయుధాలు చూసి తేల్చే పద్ధతి నాకూ నచ్చదు.

అసలు సంగతి వేరే ఉంది. మన దళంలో పైలట్లని ఫైటర్, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ అని మూడు దారుల్లో పంపిస్తారు. జాగ్వార్ నడిపేవాడు ఫైటర్ పైలట్టే. మనకి 42 ఫైటర్ స్క్వాడ్రన్లు మంజూరై ఉన్నాయని పేపర్లలో రాస్తారు చూడండి, ఆ లెక్కలో జాగ్వార్లూ కలిసే ఉంటాయి. అమెరికాలో ఏ-10లు నడిపే దళాల్నీ ఫైటర్ స్క్వాడ్రన్ అనే అంటారు. ఆ వాడుక ప్రకారం చూస్తే మీ తమ్ముడి పేపర్లో నాలుగూ ఫైటర్లే, జవాబే లేదు. చేసే పని ప్రకారం చూస్తే ఎఫ్-117, ఏ-10 రెండూ కావు, అంటే రెండు జవాబులు. అక్షరం ప్రకారం అయితేనే ఏ-10 ఒక్కటే మిగులుతుంది. ఏ లెక్కన అడుగుతున్నారో ప్రశ్నలో రాయకుండా నెగెటివ్ మార్కు వేయడం మాత్రం అన్యాయం.

పటమట పైలట్:
స్క్వాడ్రన్ పేరు వేరు, విమానం వర్గం వేరు సార్. రెండూ కలిపేస్తే ఎలా?

పట్టాభిపురం సార్జెంట్:
నేను కలపలేదు బాబూ, వాళ్లే కలిపి వాడుతున్నారు.

సింగ్‌నగర్ వాసి:
కొంచెం పక్కదారి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మా డాబాల మీద హెలికాప్టర్లు తిండి పొట్లాలు వేశాయి. మా వీధిలో అందరూ యుద్ధ హెలికాప్టర్లు వచ్చాయనే చెప్పుకున్నారు. తర్వాత చదివితే తెలిసింది, ధ్రువ్‌కి ఆయుధాలు బిగించిందే రుద్ర అట. పేర్లు చూస్తే రెండింటికీ చుట్టరికం ఉందని ఎవరైనా అనుకుంటారా? అమెరికా పద్ధతిలో యూహెచ్, ఏహెచ్ అంటే ఒకటి మామూలు పనులకి, ఒకటి దాడికి అని ఇట్టే తెలుస్తుంది. మనకీ అలాంటి కోడ్ ఒకటి ఉంటే మంచిదే కదా?

గన్నవరం గాలి:
మనకీ ఉండేదండీ. మారుత్‌ని హెచ్‌ఎఫ్-24 అనేవాళ్లు, అంటే హిందుస్థాన్ ఫైటర్. 1961లోనే ఎగిరింది. కిరణ్ ట్రైనర్ హెచ్‌జేటీ-16. ఆ మారుత్ కూడా యుద్ధంలో ఎక్కువగా నేల మీద లక్ష్యాలనే కొట్టింది, 1971లో లోంగేవాలా దగ్గర చేసింది అదే. చూశారా, మన ఎఫ్ కూడా అంతే!

బ్రాడీపేట కుర్రోడు:
అప్‌డేట్. సార్జెంట్ గారు చెప్పింది రాసి అభ్యంతరం ఇచ్చాం. ప్రశ్న తీసేసి అందరికీ ఒక మార్కు కలిపారు. తమ్ముడు ఇంకా మండిపడుతున్నాడు, అసలు రాయనివాళ్లకి కూడా మార్కు ఇచ్చారని.

పటమట పైలట్:
కీ ప్రకారం ఏ-10 పెట్టినవాళ్ల సంగతేంటి మరి? వాళ్ల తరఫున నేను రేపు అభ్యంతరం రాస్తా.